అప్‌డేట్ మీమాంస

ఒక ప్రాజెక్టు మొదలయ్యేనాటికే దానివల్ల లాభమో నష్టమో పొందబోయే వారందరినీ గుర్తించి, వారిలో ఎవరికి ఏ సంగతి ఎప్పుడు ఎవరి నోట చేరాలో కాగితం మీద పెట్టుకోవడాన్ని నిర్వహణ శాస్త్రం సమాచార ప్రణాళిక అంటుంది. అలా లాభనష్టాలతో ముడిపడినవారిని స్టేక్‌హోల్డర్లు అని వ్యవహరించడం 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ గ్రంథం వెలువడ్డాక ప్రపంచమంతటా స్థిరపడగా, ఆ మాట హైదరాబాదు చేరి ఫిల్మ్‌నగర్ గుట్ట ఎక్కేసరికి అభిమానులు, బయ్యర్లు, మిగతావాళ్లు అనే మూడు వర్గాలుగా చీలిపోయింది. ఈ శాస్త్రానికి తెలుగు చలనచిత్ర పరిశ్రమ చేసిన చేర్పులకు మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లో ఇంకా చోటు దక్కకపోవడం ఆ పుస్తకాల దురదృష్టం.

మొదటి చేర్పు ప్రకటనకు ముందు ప్రకటన. చెప్పడానికి ఏమీ లేనప్పుడు త్వరలో ఏదో చెప్పబోతున్నామని చెప్పడం దీని సారం. హీరో ముఖం కనిపించే పోస్టర్ ఫస్ట్ లుక్ కాగా, ఆ ముఖం రాబోతోందని హీరో వీపునో పిడికిలినో చూపించేది ప్రీ లుక్. ట్రైలర్ కన్నా చిన్నది టీజర్, టీజర్ కన్నా చిన్నది గ్లింప్స్. ట్రైలర్ వచ్చేశాక ఇక ఏమీ మిగల్లేదనుకునేవారి కోసం రిలీజ్ ట్రైలర్ ఉంటుంది. వీటిలో ప్రతి ఒక్కటీ ఏ రోజు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు వస్తుందో తెలిపే పోస్టర్ ఒకటి ముందు వస్తుంది, ఆ నిమిషానికి అది రాకపోతే సాంకేతిక కారణాల వల్ల ఆలస్యమైందని తెలిపే పోస్టర్ వెనక వస్తుంది. ఈ లెక్కన సినిమా తీయడం ఆలస్యమైనా సమాచారానికి కొరత ఉండదు.

ఈ విధానం ఎంతగా ఫలించిందంటే, అభిమాని అనే స్టేక్‌హోల్డర్ అప్‌డేట్‌ను తన జన్మహక్కుగా భావించి, అది అందకపోతే నిర్మాణ సంస్థను రోజుల తరబడి ట్రెండింగ్‌లో నిలబెట్టి కడిగేసే స్థాయికి ఎదిగాడు. 2023 ఫిబ్రవరిలో ‘అమిగోస్’ ప్రీ రిలీజ్ వేడుకలో జూనియర్ ఎన్టీఆర్ ఈ ఒత్తిడిని ప్రస్తావించి, దర్శకనిర్మాతలను ఇబ్బంది పెట్టవద్దని కోరుతూ, నిజంగా గొప్ప అప్‌డేట్ ఉంటే ఇంట్లో భార్య కన్నా ముందు అభిమానులకే చెబుతామని భరోసా ఇచ్చారు. స్టేక్‌హోల్డర్ల ప్రాధాన్య క్రమాన్ని ఇంత తేటతెల్లంగా ప్రకటించిన ప్రాజెక్టు పత్రం మరొకటి దొరకదు. ఆ క్రమంలో రెండో స్థానానికి జరిగినవారి ఆమోదం తీసుకున్నారో లేదో మాత్రం వేదిక మీద తేలలేదు. మరుసటి ఏడాది సెప్టెంబరు 22న అదే హీరో ‘దేవర’ ప్రీ రిలీజ్ వేడుక నోవాటెల్‌లో ఏర్పాటు కాగా, ఆ హాలు పట్టలేనంత జనం విరుచుకుపడటంతో వేడుక రద్దయింది. సమాచారం అందరికీ చేరిందనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు, కాకపోతే చేరినందువల్లే అసలు చెప్పదలచుకున్నది చెప్పే వీలు లేకుండా పోయింది.

ప్రణాళికలో మైలురాయి అని పిలిచేది సినిమాకు విడుదల తేదీ. ‘ఆర్ఆర్ఆర్’కు మొదట 2020 జూలై 30 అన్నారు, తర్వాత 2021 జనవరి 8, అక్టోబరు 13, ఆపైన 2022 జనవరి 7 అన్నారు. కరోనా కాలంలో తేదీలు తప్పడం ఎవరి నేరమూ కాదు గనుక దాన్ని పక్కన పెట్టవచ్చు. శాస్త్రజ్ఞులు గమనించవలసింది తరువాతి ఘట్టం: 2022 జనవరిలో నిర్మాణ సంస్థ మార్చి 18న గానీ ఏప్రిల్ 28న గానీ వస్తామని రెండు తేదీలు ఒకేసారి ప్రకటించి, ఆ నెలాఖరుకల్లా ఆ రెండూ కాని మార్చి 25ను ఖాయం చేసి, శుభలేఖలో రెండు ముహూర్తాలు అచ్చువేయించి మూడో ముహూర్తానికి తాళి కట్టినట్టు, ఆ రోజునే విడుదల చేసింది. ‘హరిహర వీరమల్లు’ 2022 సంక్రాంతికని బయలుదేరి, 2025లో మార్చి 28, మే 9, జూన్ 12 అనే మజిలీలలో ఆగి, జూలై 24కు చేరింది.

గుట్టకు ఈవలి పక్కనున్న బోరబండలో ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పద్ధతి ఒకటి నమోదై ఉంది. 2020 అక్టోబరులో భూమి లోపలి నుంచి పెద్ద శబ్దాలు రావడంతో అక్కడి జనం ఇళ్లు వదిలి వీధుల్లోకి పరుగెత్తగా, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఉప్పల్ రోడ్డులోని ఎన్‌జీఆర్ఐ, శాస్త్రవేత్తలను పంపి, ప్రకంపనలు కొలిచే యంత్రాలు అమర్చి, ఇవి స్వల్పమైనవేనని, భయపడనక్కర్లేదని చెప్పింది. ఏం జరిగింది, ఎంత జరిగింది, ఏం చేయాలి అన్న మూడు ముక్కలూ చేరవలసినవారికి చేరాయి. ప్రకంపనకు ప్రీ లుక్ లేదు, శబ్దానికి లిరికల్ వీడియో లేదు, శాస్త్రవేత్తలకు థాంక్యూ మీట్ కూడా లేదు. ఇంత చేరువలో ఇంత చక్కని నమూనా ఉన్నా ఫిల్మ్‌నగర్‌లో ఎవరూ దాన్ని అధ్యయనం చేయకపోవడానికి కారణం సులభంగానే ఊహించవచ్చు: హైప్ లేనిదాన్ని అక్కడ సమాచారంగా లెక్కించరు.

స్టేక్‌హోల్డర్లను అధికారం, ఆసక్తి అనే రెండు కొలతలతో నాలుగు గడుల్లో సర్దే పటం ఒకటి, 1981లో ఆబ్రీ మెండెలో చేసిన ప్రతిపాదన నుంచి పుట్టి, తర్వాతివారి సవరణలతో ప్రచారంలో ఉంది. రెండూ దండిగా ఉన్నవారిని దగ్గరుండి చూసుకోవాలని అది చెబుతుంది. ఆ గడిలో హీరో ఒక్కడే పడతాడు, ఇంకొకరికి చోటు మిగలదు. అధికారం ఉండి సినిమా మీద పెద్దగా ఆసక్తి లేనివారిని సంతృప్తిపరచాలి. టికెట్ ధరల జీవో ఇచ్చే ప్రభుత్వం ఈ గడిలోనిది గనుక, 2022 ఫిబ్రవరి 10న చిరంజీవి, మహేశ్‌బాబు, ప్రభాస్, రాజమౌళి తాడేపల్లికి, 2024 డిసెంబరు 26న పరిశ్రమ పెద్దలు హైదరాబాదులోని కమాండ్ కంట్రోల్ సెంటరుకు వెళ్లి ముఖ్యమంత్రులను కలిశారు. ఏ గడిలోనూ ఇమడని స్టేక్‌హోల్డరును సైతం పరిశ్రమ విస్మరించలేదు. 2023లో ‘ఆదిపురుష్’ బృందం ప్రతి థియేటర్‌లో ఒక సీటు హనుమంతుడి కోసం అమ్మకుండా ఉంచాలని ప్రకటించింది. సినిమా చూసినవారిలో సామాజిక మాధ్యమాల్లో సమీక్ష రాయనివాడు ఆయనొక్కడే.

అధికారం లేకపోయినా ఆసక్తి, అంటే పొట్టకూటి అవసరం, నిండుగా ఉన్నవారికి ఎప్పటికప్పుడు తెలియజేస్తూ ఉండాలన్నది మూడో గడి సూత్రం. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, రహమత్‌నగర్, బోరబండ బస్తీల్లో అద్దెకుండే లైట్‌మెన్, సెట్ బాయ్‌లు, జూనియర్ ఆర్టిస్టులు ఈ గడికి చెందినవారు. వీరికి అమలయ్యే సమాచార ప్రణాళిక రాత్రి తొమ్మిదిన్నరకో పదికో మోగే ఫోను. రేపు పని ఉందనో, లేదనో, యూనిట్ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎన్నింటికల్లా దిగాలో పది సెకన్లలో చెప్పి ఆ ఫోను ఆగిపోతుంది. మోగకపోతే అదే సమాచారం. ఆ ఇంట్లోని కుర్రాడు తన అభిమాన హీరో గ్లింప్స్ వచ్చే తేదీని నిమిషంతో సహా వారం ముందే చెప్పగలడు గానీ, అదే సినిమాలో తెల్లవారితే తండ్రికి పని ఉందో లేదో అతడికీ తెలియదు, తండ్రికీ తెలియదు. ప్రాజెక్టు నిర్వహణ గ్రంథాల ప్రకారం, పాల్గొనేవారి సంఖ్యను దానికన్నా ఒకటి తక్కువైన సంఖ్యతో గుణించి సగం చేస్తే వారి మధ్య సమాచార మార్గాలెన్నో తేలుతాయి. ఆ లెక్కన 24 క్రాఫ్ట్స్‌కు, అంటే సినిమాలోని పని విభాగాలకు, 276 మార్గాలు ఉండాలి. వాటిలో 275 ప్రొడక్షన్ మేనేజర్ సెల్‌ఫోన్‌లోనే కలుస్తాయి, మిగిలిన ఒక్కటి ఆయన రెండో సిమ్.

పెట్టుబడి పెట్టినవారి స్థితి ఇంతకన్నా మెరుగేమీ కాదు. 2025 మేలో అద్దె పద్ధతి బదులు వసూళ్లలో శాతం కావాలని ఎగ్జిబిటర్లు, అంటే థియేటర్లు నడిపేవారు, పట్టుబట్టగా, జూన్ 1 నుంచి థియేటర్లు మూసేస్తారన్న వార్త గుప్పుమంది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కార్యాలయం నుంచి ఘాటైన ప్రకటన వెలువడింది, థియేటర్లు యథావిధిగా నడిచాయి. దీని వెనక ‘ఆ నలుగురు’ ఉన్నారని ప్రచారం జరగడంతో ప్రముఖ నిర్మాతలు ప్రెస్‌మీట్లు పెట్టి, తాము ఆ నలుగురిలో లేమని వివరించారు. స్టేక్‌హోల్డర్లను గుర్తించడం ప్రణాళికలో తొలి మెట్టు అని గ్రంథాలు ఘోషిస్తుండగా, ఇక్కడ నలుగురినీ గుర్తించే ప్రయత్నంలో సంఖ్య సున్నాకు చేరువైంది.

మూడో గడివారు తమంతట తాము సమాచారం ఇవ్వదలచినప్పుడు అనుసరించే పద్ధతి సమ్మె. వేతనాలు మూడేళ్లకోసారి సవరించుకోవడం పరిశ్రమలో ఆనవాయితీ కాగా, పెంపుపై ఉలుకూ పలుకూ లేదంటూ 2022 జూన్‌లో కార్మికులు షూటింగులు ఆపారు. గడువు ఎప్పుడు ముగుస్తుందో అందరికీ తెలిసినా, మూడేళ్లు గడిచాక 2025 ఆగస్టు 4న 30 శాతం పెంపు కోరుతూ కార్మికుల ఫెడరేషన్ మళ్లీ సమ్మెకు దిగింది. రెండున్నర వారాలు పరస్పరం ప్రెస్‌మీట్ల ద్వారానే మాట్లాడుకున్నాక, కార్మిక శాఖ మధ్యవర్తిత్వంతో మూడేళ్లలో దశలవారీగా 22.5 శాతం వరకు పెంచేందుకు ఒప్పందం కుదిరింది. ప్రీ లుక్ లేకుండా, వాయిదా ముప్పు లేకుండా మూడేళ్ల ముందే తేదీ ఖాయమైన ఏకైక తెలుగు ప్రాజెక్టు ఇప్పుడు తర్వాతి వేతన సవరణే గనుక, 2028 వేసవి తర్వాత విడుదల పెట్టుకోదలచిన నిర్మాతలు క్యాలెండరులో ఆ సంగతి గుర్తు పెట్టుకుంటే వారి బయ్యర్లకూ చెప్పడానికి వీలుంటుంది.