వేపచెట్టును బాయిలర్‌గా రాసుకోండి!

బాయిలర్ల తనిఖీ అధికారి గారికి,
పటాన్‌చెరు – సంగారెడ్డి పరిశ్రమల ప్రాంతం.

అయ్యా,

ఈ అర్జీ తమ టేబుల్ మీదికి దారి తప్పి రాలేదు. మున్సిపాలిటీకో అటవీ శాఖకో వెళ్లాల్సిన సంగతే అయినా, కావాలనే తమకు రాస్తున్నాం. పాతిక లీటర్లు దాటిన బాయిలర్ పెట్టుకుంటే, తమవాళ్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చేదాకా దాన్ని వెలిగించడానికి వీల్లేదు. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి మనుషులు పోతే, మరుసటి ఏడే బెంగాల్లో తనిఖీ చట్టం వచ్చింది. దేశానికంతటికీ 1923లో ఒక చట్టం, దాని స్థానంలో 2025లో మరొకటి వచ్చాయి. ఇన్నేళ్లలో ఏ సర్కారూ బాయిలర్లను పీకి పారేయమనలేదు, వాటి మానాన వాటిని వదిలేయనూ లేదు. ఉండనిచ్చారు, గడువు పెట్టి చూస్తూ వచ్చారు. ఇళ్ల మీదికి కొమ్మలు చాచిన వేప, రావి, నిద్రగన్నేరు చెట్లను కూడా తమ రిజిస్టరులో రాసుకుని ఆ పాటి మర్యాద చేయాలని మా మనవి. లోపల నీళ్లు, పైన ఆవిరి, పక్కనే మనుషులు: బాయిలర్ నిర్వచనానికి చెట్టు మరీ దూరమేమీ కాదు.

ఇప్పటికి చెట్టుకు రెండే కాగితాలున్నాయి. నాటేటప్పుడు ఒకటి, నరికేటప్పుడు ఒకటి. 2015లో మొదలైన మొక్కలు నాటే పథకం హరితహారంలో మొక్కలను కోట్లలో లెక్కపెట్టాం. 2019 మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి తీసిపెట్టమంది, నాటినవాటిలో 85 శాతం బతకకపోతే వార్డు ప్రతినిధి పదవికే ఎసరు పెడతానంది. కొట్టేయాలంటే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) కింద అనుమతి తీసుకోవాలి. మధ్యలో నలభై యాభై ఏళ్లు చెట్టు ఎవరికీ చెందదు. మొదలు దాకా సీసీ రోడ్డు పోసినా, డ్రైనేజీ కోసం ఒకవైపు వేళ్లన్నీ జేసీబీతో తెంపినా, తీగలకు అడ్డమని ఒకవైపు కొమ్మలే కొట్టినా, ఇక అది ఎటు ఒరుగుతుందో చూడాల్సిన ఉద్యోగి లేడు. కరెంటువాళ్లను అని లాభం లేదు. తీగను కాపాడటం వాళ్ల పని, చెట్టును కాదు.

చూడటమెందుకు, ఇళ్ల దగ్గర పెద్ద చెట్లే లేకుండా చేస్తే పోతుంది కదా అంటారేమో. ఈ ప్రాంతంలో నీడ ఎవరికి కావాలో ముందు చూడండి. ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం చుట్టూ కిరాయి గదుల్లో ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చిన కార్మికులుంటారు. నైట్ షిఫ్ట్ దిగినవాడు పడుకునేది పగలు, మే నెలలో, సిమెంటు రేకుల కింద. ఆ గదికి పడమటి వైపు ఎదిగిన వేప ఉంటే మధ్యాహ్నపు ఎండ గోడను తాకదు, ఆకుల్లోంచి పోయే ఆవిరికి గాలి కూడా కొంత చల్లబడుతుంది. పగలు నిద్రలేని మనిషి రాత్రికి మళ్లీ మిషన్ ముందు నిలబడతాడు కాబట్టి, ఆ నీడ ఫ్యాక్టరీ భద్రతలో భాగమే. అలా దొడ్డిదారిన తమ పరిధిలోకి వచ్చేసింది కూడా. చెట్టుకు లేని గొప్పలు మాత్రం అంటగట్టం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాకెక్కించిన పటాన్‌చెరు – బొల్లారంలో, ఆకులు దుమ్ము పడతాయే గానీ రసాయనాల ఘాటును మింగవు. ఆ పని పొగగొట్టం దగ్గరే జరగాలి.

ఇక చెట్టు వల్ల ఇంటికి ముప్పు. అది ఉత్త భయం కాదు. 1972లో పటాన్‌చెరులో పెట్టిన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పొలాల్లో ఎర్రనేల, నల్లరేగడి రెండూ ఉన్నాయి. ఈ చుట్టుపక్కల ఇళ్లూ ఆ రెండింటి మీదే లేచాయి. ఎర్రనేలతో పేచీ తక్కువ. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. పైపైన పునాది తీసి కట్టిన ఇంటికి ఆనుకుని రావిచెట్టు ఉంటే, అది నీళ్లు పీల్చిన వైపు నేల కుంగి, కిటికీ మూల నుంచి గోడ ఏటవాలుగా బీటలిస్తుంది. 1976 కరువులో ఇంగ్లండులో బంకనేల మీది ఇళ్లు ఇలాగే పగిలి బీమా కంపెనీలను బెంబేలెత్తించాయి. అయితే గొడ్డలి తెస్తే తీరిపోతుందా అంటే, అక్కడే ఉంది తిరకాసు. చెట్టు ఏళ్ల తరబడి ఎండగట్టిన రేగడి మీద తర్వాత ఇల్లు కట్టి, ఇప్పుడు ఆ చెట్టును కొట్టేస్తే, అది తాగే నీళ్లన్నీ నేలలోనే నిలిచి, రేగడి ఉబ్బి అదే గోడను ఈసారి పైకి ఎత్తుతుంది. ముందు వచ్చింది ఇల్లా చెట్టా అని అడగకుండా తీర్పు చెప్పలేం. చెట్టు జాతినీ అడగాలి. తురాయి చూడ్డానికి బాగుంటుంది, గాలిదుమారానికి కొమ్మలు విరుచుకుంటుంది. పిట్టగోడ సందులో పక్షి రెట్టలోంచి మొలిచిన రావిని మాత్రం ఏ విచారణా లేకుండా ఆ రోజే పీకేయాలి.

డాబాకు తెల్లరంగు చాలదా అన్నది ఇంకో మాట. రాష్ట్రం తెచ్చిన 2023 కూల్ రూఫ్ విధానం మంచిదే. కానీ ఇళ్ల విషయంలో అది తప్పనిసరి చేసింది 600 గజాలు, ఆ పైన ఉన్నవాటికి. కిరాయి గదుల వరుసకు వర్తించదు, వర్తించినా రంగు పైకప్పుకే గానీ పడమటి గోడకు నీడనివ్వదు. అనుమానం వస్తే కొట్టేయడమే మేలనేవాళ్లు 2021ని గుర్తు చేసుకోవాలి. ఆ ఏడాది తెలంగాణ అంతటా వేపలు చిటారు నుంచి మాడిపోయాయి. శిలీంధ్రపు తెగులు, తోడుగా టీ దోమ. చచ్చాయనుకున్నవి చాలావరకు మళ్లీ చిగురించాయి.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ వేరే ఉంది. తనిఖీలున్న ఫ్యాక్టరీలోనే ఏం జరిగిందో చూశాం కదా అని. 2025 జూన్ 30న పాశమైలారం పేలుడులో నలభై మందికి పైగా చనిపోయారు. దీని మీద పరిహాసం ఆడం. కానీ ఆ తర్వాత ఎవరూ తనిఖీలు ఎత్తేయమనలేదు, గట్టిగా చేయమన్నారు. చెట్ల విషయంలో మేమడిగేదీ అదే.

పని కష్టమేమీ కాదు. కొయ్యసుత్తితో కొడితే మొదలు డొల్లగా మోగుతోందా, వేళ్ల దగ్గర పుట్టగొడుగులు లేచాయా, కొమ్మ చీలిన చోట పగులుందా, ఒరిగిన దిక్కుకు ఎదురుగా నేల పైకి లేచిందా చూడాలి. సింగపూర్లో వీధి చెట్లను శిక్షణ పొందినవాళ్లు ఇలా వంతుల వారీగా చూస్తూనే ఉంటారు. 2018లో చెదలు పట్టిన మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి మనవాళ్లే సెలైన్ సీసాలతో మందెక్కించారు. ఊరూరా ఆ వైభోగం అక్కర్లేదు, ఏటా వానలకు ముందు ఒకసారి వచ్చి చూస్తే చాలు. కొన్నింటికి నరకడమే తీర్పు వస్తే రంపం మేమే తెస్తాం. ఖర్చు పచ్చదనం పేరిట తీసిన ఆ పదో వంతులోంచి ఇప్పించండి.

ఫీజు కూడా కడతాం. బాయిలర్‌కు వేడెక్కే వైశాల్యాన్ని బట్టి ఫీజు వేస్తారు కాబట్టి, చెట్టుకు నీడ పడే గజాలను బట్టి వేయడం న్యాయం. కొలతకు మాత్రం మిట్టమధ్యాహ్నం రావాలని ప్రార్థన. అప్పుడైతే నీడ తక్కువ, చలానా తక్కువ.

ఇట్లు,
తమ విధేయుడు,
రిజిస్టరుకెక్కని ఒక వేపచెట్టు కింద కాపురముంటున్నవాడు