వెనక ఎవరు చూస్తారండీ!

బొంతకి ఈమధ్య యోగం పట్టింది. ట్రంకుపెట్టె అడుగున బతికింది కాస్తా షోరూమ్ అద్దాల వెనక వేలాడుతోంది. పేరు కూడా మారింది: ‘వింటేజ్ ప్యాచ్‌వర్క్ క్విల్ట్’. దాని ధర చూస్తే, పాత చీరలు వేసి స్టీలు గిన్నెలు తీసుకున్నవాళ్లందరికీ గుండె కలుక్కుమంటుంది.

పైభాగంతో నాకు పేచీ లేదు. ఇకత్ ముక్క పక్కన కలంకారీ ముక్క, దాని పక్కన మంగళగిరి చెక్స్. కళ్లకి పండగే. తిరగేస్తేనే వస్తుంది తంటా. వెనక నిగనిగలాడుతూ జారిపోయే పాలిస్టర్ శాటిన్! ఇదేంటమ్మా అని అడిగితే కౌంటర్లో అమ్మాయి నవ్వేసింది. “వెనక ఎవరు చూస్తారండీ?”

నిజమే, చూసేవాళ్లు లేరు. కప్పుకునేవాళ్లే ఉన్నారు. పై ముక్కల సొగసంతా సీలింగ్ ఫ్యానుకి, ఒంటికి తగిలేది వెనక గుడ్డ. అర్ధరాత్రి కరెంటు పోయి ఏసీ ఆగాక, చెమట పీల్చని ఆ శాటిన్ కింద ఇకత్ అందం ఎంతసేపు తలుచుకుంటారో తలుచుకోండి.

ఉతికాక ఇంకో వినోదం. కొత్త నూలు గుడ్డ నూటికి 3 నుంచి 5 వంతుల దాకా కుంచించుకుపోగలదు. అంటే 100 అంగుళాల బొంతకి మూడు నుంచి ఐదు అంగుళాలు. పాలిస్టర్ మాత్రం పట్టిన పట్టు వదలదు. పైది ముడుచుకుని, కిందది మిగిలిపోయి, కుట్టుకీ కుట్టుకీ మధ్య అప్పడంలా పొంగుతుంది.

బొంతలు కుట్టిన ఆడవాళ్లు పైన ఏ పీలిక వేసినా, అడుక్కి మాత్రం ఉతికి ఉతికి మెత్తబడ్డ నేత చీరే తీసేవారు. అది కుంచించుకోవాల్సిందంతా ఎప్పుడో అయిపోయింది. గంజి వదిలింది, సూది సులువుగా దిగుతుంది. లెక్క కూడా ముచ్చటగా కుదురుతుంది: ఐదున్నర మీటర్ల చీర 216 అంగుళాలు. సగానికి కోస్తే 108 చొప్పున రెండు. 45 అంగుళాల పన్నాలు రెండూ పక్కపక్కన అతికితే, కుట్లకీ అంచులకీ పోయింది పోగా డబుల్‌కాట్‌కి దాదాపు సరి. నిలువునా ఒక్కటే అతుకు.

అమెరికాలో క్విల్టులు కుట్టేవాళ్ల కోసం వెనక గుడ్డని ప్రత్యేకంగా 108 అంగుళాల పన్నాతో అమ్ముతారు, ఆ ఒక్క అతుకూ లేకుండా. మనవాళ్లు అక్కణ్నించి క్విల్ట్ అన్న పేరైతే తెచ్చుకున్నారు గానీ, వెనక గుడ్డకిచ్చే మర్యాదని కస్టమ్స్‌లో వదిలేసినట్టున్నారు.

అంచుల సంగతి చెప్పకపోతే పాపం. అంచు నేత బిగువు. అతుకులో దాన్ని అలాగే ఉంచితే ఉతికినప్పుడు లాగేసి గుడ్డంతా ముడతలు పడుతుంది. అందుకే కత్తిరించి పక్కన పెట్టేవారు. ఇప్పుడు ‘డిజైనర్ టచ్’ అంటూ జరీ అంచుని ఏరికోరి తెచ్చి, సరిగ్గా గడ్డం తగిలే చోట కుడుతున్నారు. నిద్రలో గీసుకున్నా, వారసత్వమే గీసిందన్న తృప్తి!

పాలిస్టర్ చవక, అందుకే వేశామంటే నోరు మూసుకునేదాన్ని. వ్యాపారం వ్యాపారమే. కానీ ‘సస్టెయినబుల్’ అన్న ట్యాగొకటి! పైన పటారం, లోన లొటారం అంటే ఏమిటో పిల్లలకి చూపించాలంటే ఇంతకంటే మంచి వస్తువు దొరకదు. ఆ ట్యాగు కిందే చిన్నక్షరాల్లో ‘డ్రై క్లీన్ ఓన్లీ’ అని కూడా ఉంది. పక్క తడిపే చంటివాడికి ఆ సంగతి ఎవరు చదివి వినిపించాలో మాత్రం రాయలేదు.