సెన్సారు పోయినదను వాక్యమునకు టీకా తాత్పర్యములు

మూలము: “ఆక్సిజన్ సెన్సార్ పోయింది సార్, మార్చేద్దాం.”

అవతారిక: చెక్ ఇంజన్ దీపము వెలిగి ఎంతకును ఆరకుండుటచేతను, మైలేజీ నానాటికి క్షీణించుటచేతను, పెట్రోలు బంకులోని కుర్రవాడు పేరుపెట్టి పలుకరించునంతటి పరిచయ మేర్పడుటచేతను చింతాక్రాంతుడైన యజమాని కారును షెడ్డునకు తోలుకొని రాగా, మెకానిక్కు స్కానరు తగిలించి, పి0171 అను సంకేతమును చూచి, బానెట్టు ఎత్తకమునుపే ఇట్లు సెలవిచ్చుచున్నాడు.

టీక: ఆక్సిజన్ సెన్సార్ = ఇంజను విడుచు పొగలో ప్రాణవాయువెంత మిగిలినదో కనిపెట్టి ఇంజను కంప్యూటరగు ఈసీయూకు విన్నవించునదియు, 1976లో బాష్ కంపెనీవారు తయారుచేయగా తొలుత వోల్వో కార్లకెక్కినదియు నగు జిర్కోనియా పరికరము; పోయింది = చెడినది (ఎట్లు చెడినదో మూలమున లేదు); సార్ = బిల్లు చెల్లింపవలసినవాడా; మార్చేద్దాం = మనమిద్దరము మార్చుదము. ఈ బహువచనమును వ్యయవిషయమున ఏకవచనముగా గ్రహించునది.

తాత్పర్యము: తూకమున ఒకపాలు పెట్రోలునకు 14.7 పాళ్ల గాలి కలిసినచో దహనము సమముగా జరుగును. గాలి మిక్కుటమైనప్పుడు 0.1 వోల్టు చేరువకును, పెట్రోలు మిక్కుటమైనప్పుడు 0.9 వోల్టు చేరువకును పోవుచు, రమారమి 300 డిగ్రీలు వేడెక్కిన పిదప ఈ రెంటినడుమ ఎడతెగక ఊగిసలాడుటయే సెన్సారునకు ఆరోగ్యలక్షణము. (వైడ్‌బ్యాండ్ జాతికి ఈ లెక్క వర్తింపదు.) పి0171 అనగా మిశ్రమమున గాలి హెచ్చినదని మాత్రమే అర్థము. అది సెన్సారు ఇచ్చిన వాఙ్మూలమే గాని సెన్సారుపై మోపబడిన నేరము కాదు. వ్యాక్యూమ్ గొట్టము చిట్లి దొంగగాలి లోనికి పోవుచున్నను, ఫిల్టరు పూడి పెట్రోలు చాలకున్నను, సెన్సారునకు ముందరి జాయింటు సడలి బయటిగాలి చొరబడుచున్నను, సాక్షి ఆ మాటయే చెప్పును.

ఇచట పూర్వపక్షి, “సైలెన్సరు వద్ద పచ్చి పెట్రోలు వాసన గుప్పున కొట్టుచుండగా గాలి హెచ్చినదనుట కల్ల కాదా? సెన్సారు చెడినదనుట కింతకన్న నిదర్శన మేల?” అని ఆక్షేపించును. అది నిలువదు. ఒక సిలిండరున ప్లగ్గు నిప్పు రాల్పనిచో ఆ గదిలోని పెట్రోలును గాలియు కాలకయే వెలికి వచ్చును. సెన్సారునకు ప్రాణవాయువు తప్ప పెట్రోలు తెలియదు గనుక గాలి హెచ్చినదనియే పలుకును. వాసనయు నిజము, వాఙ్మూలమును నిజము; చెడినది ప్లగ్గు.

కావున ఇంజను వేడెక్కిన పిమ్మట మల్టీమీటరు పట్టి, మానిఫోల్డునకు పోవు సన్నని గొట్టములో కార్బురేటర్ క్లీనరు ఇంచుక చిమ్మవలెను. అంకె తటాలున 0.9 దెసకు ఎగబ్రాకి, ఆ గొట్టమునే ఊడదీసి వదలినంతనే 0.1 దెసకు జారినచో సెన్సారు నిర్దోషి. కదలక మెదలక ఒక్కచోట కూర్చున్నచో మాత్రము మూలకారుని మాటకు ప్రామాణ్యము కలుగును. లోపలి హీటరు తీగ కాలినచో పి0135 వేరుగా కనబడును. ఊడదీసినప్పుడు కొన తెల్లబారియున్నచో ఏదో గాస్కెట్టునకు అతిగా పూసిన సిలికోను పేస్టు శంకింపదగినది. ఆ పూత పూసినవారెవరను విచారణ షెడ్డులలో సాధారణముగా సాగదు.

పాఠాంతరము: కొన్ని షెడ్డులలో “రెండూ మార్చేద్దాం సార్” అని కలదు. రెండవ సెన్సారు క్యాటలిటిక్ కన్వర్టరు వెనుకనుండి ప్రధానముగా దాని పనితనమును కనిపెట్టునది. పి0171తో దానికి సాధారణముగా సంబంధము లేదు. కనుక ఆ పాఠము ప్రక్షిప్తము.