గృహ ప్రవాళ నిదాన శాస్త్రం

1. అనుబంధ చతుష్టయం

గజాలకు పాలకాప్యుడి హస్త్యాయుర్వేదం ఉంది, అశ్వాలకు శాలిహోత్రం ఉంది, చెట్లకు సురపాలుడి వృక్షాయుర్వేదం ఉంది. గాజుతొట్టిలో ఉప్పునీటి నడుమ ముడుచుకుని కూర్చున్న ప్రవాళానికి మాత్రం ఇంతవరకు లక్షణగ్రంథం లేదు. ఆయుర్వేదానికి అది భస్మంగానూ పిష్టిగానూ తెలుసు. జ్యోతిషానికి కుజుడి ప్రీత్యర్థం ఉంగరంలో పొదిగే రత్నంగా తెలుసు. పరుల రోగాలకూ పరుల దోషాలకూ శతాబ్దాలుగా పరిహారమై నిలిచిన ఈ జాతికి స్వయంగా ఒక రోగం రాగలదని ప్రాచీనులెవరూ తలచకపోవడం వాఙ్మయ చరిత్రలో పూడ్చవలసిన వెలితి. (ఉంగరపు పగడం మధ్యధరా సముద్రపు కొరాలియం కుదురుకు చెందినది, తొట్టిలోనిది వేరు కుదురు అనే ఆక్షేపణ సాధువే, కాని బంధుత్వ నిర్ణయం ఈ గ్రంథానికి విషయం కాదు.)

విషయం: ప్రవాళం ఎందుకు బాగాలేదు అన్న విచారణ. ప్రయోజనం: ఆ విచారణ నిరంతరాయంగా సాగడం. సంబంధం: ప్రవాళానికీ యజమాని నిద్రకూ ఉన్నది. ఇక అధికారి నిర్ణయంలో కొంత సూక్ష్మం ఉంది. తొట్టి ఉన్నవాడల్లా అధికారి కాడు; లవణమాపకం ఉండి, దానిని సరిచూసుకునే, వెయ్యికి 35 వంతుల ఉప్పున్న ప్రామాణిక ద్రవం కూడా ఉండి, ఇంట్లోవాళ్లు ఒకసారి ఖర్చెంతయిందని అడిగి మళ్లీ అడగకుండా మానుకున్న స్థితికి చేరినవాడే అధికారి. మన దేశంలో 2001లో రాతి పగడాలను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చిన కారణంగా ఈ విద్యను అభ్యసించే తెలుగువారు టెక్సాస్, న్యూజెర్సీ మొదలైన జనపదాలలోని గృహాలలోనే తారసపడతారు. సముద్రతీరానికి దూరంగా, బేస్‌మెంటులో, సముద్రాన్ని ప్రతిష్ఠించిన మహనీయులు వారు.

2. రోగి స్వరూపం

ప్రవాళం చూపుకు చెట్టు, స్పర్శకు రాయి, నిజానికి జంతువు. అది జంతువేనని పద్దెనిమిదవ శతాబ్దంలో పెయ్‌సొనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు చెప్పినప్పుడు ఆనాటి పండితులు సులభంగా ఒప్పుకోలేదు. ఈ జంతువు కణజాలంలో జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు కాపురముండి, వెలుతురుతో అన్నం వండి ఆతిథేయికి వడ్డిస్తాయి. కనుక రోగం వచ్చిందంటే వచ్చింది జంతువుకా, దాని వంటవాడికా, అది కట్టుకున్న సున్నపు ఇంటికా అని త్రిధా సంశయం ఏర్పడుతుంది. ఈ ముగ్గురిలో ఎవరికీ నాడి లేదు, నాలుక లేదు, ఎక్కడ నొప్పి అని అడిగితే చెప్పే నోరు లేదు; ఉన్న ఒక్క నోరు తినడానికీ విసర్జించడానికీ మాత్రమే. రోగి వాఙ్మూలం లేకుండా రోగ నిర్ణయం చేయవలసిన ఈ దుస్థితే శాస్త్రానికి గౌరవం తెచ్చింది.

ప్రకృతిభేదాన్ని బట్టి రోగులు మూడు తెగలు. మృదు ప్రవాళాలు తామసికాలు: ఎంత అపరాధం చేసినా బతుకుతాయి. పెద్ద పాలిప్‌లున్న టార్చ్, హామర్ మొదలైనవి రాజసికాలు: ఉబ్బితే ఉత్సవం, ముడుచుకుంటే కలహం. చిన్న పాలిప్‌లున్న అక్రోపోరా, మాంటిపోరా సాత్వికాలు. వాటిలో అక్రోపోరా మరీ సుకుమారం. నిన్నటిదాకా నిండుగా ఉండి, నేడు ఉదయానికి మాంసమంతా ఊడి, తెల్లని కంకాళమై నిలవడం దానికి సులభసాధ్యం. ఈ శీఘ్రక్షయాన్ని వృత్తిజ్ఞులు ఆర్‌టీఎన్ అంటారు. మొదలు నుంచి వారాల తరబడి మెల్లగా పైకి పాకేది ఎస్‌టీఎన్. రెంటికీ అంత్యఫలం ఒకటే అయినా రెండోదానిలో విచారణకు అవకాశం ఎక్కువ కనుక శాస్త్రజ్ఞులు దానినే ఆదరిస్తారు.

3. వర్ణ ప్రకరణం

ఈ ప్రకరణం కఠినం. త్వరపడేవారు దీనిని విడిచి నాలుగోదానికి వెళ్లవచ్చు, కాని వెళ్లకూడదు.

వర్ణవైకల్యం ద్వివిధం: వివర్ణత, కపిశత. వివర్ణత అంటే తెల్లబారడం. వేడి హెచ్చినప్పుడో వెలుతురు మితిమీరినప్పుడో శైవలాలు ఆతిథేయిని విడిచిపోతాయి. ఇక్కడ మాంసం ఉంటుంది, రంగు పోతుంది. క్షయంలోనూ తెలుపే కనిపిస్తుంది. అక్కడ మాంసమే పోతుంది, మిగిలేది సున్నం. మొదటి తెలుపులో ప్రాణం ఉంది, రెండో తెలుపులో లేదు. ఈ రెండు తెలుపుల భేదం గ్రహించలేనివాడికి ఈ శాస్త్రంలో ప్రవేశం లేదు. వీటికి మధ్య పాలిపోయిన లేత గులాబీ, లేత ఊదా ఛాయలు కొన్ని ఉన్నాయి. ఆకలితో శోషించి, శైవలాలు పలచబడిన అక్రోపోరాకు ఆ ఛాయలు వస్తాయి. రోగి ఆ దశలో అత్యంత మనోహరంగా ఉంటాడు కనుక యజమాని ఛాయాచిత్రాలు తీసి మిత్రులకు పంపుతాడు. నాలుగు వారాల తరువాత అదే చిత్రం నిదానంలో పూర్వరూపంగా పనికివస్తుంది.

కపిశత దీనికి విపరీతం. నీటిలో నైట్రేటు పెరిగినా, వెలుతురు తగ్గినా శైవలాలు కిక్కిరిసి, కొన్నప్పుడు నీలమో పచ్చో అయిన కొమ్మ గోధుమరంగుకు తిరుగుతుంది. ప్రవాళం తింటుంది, పెరుగుతుంది, సుఖంగా ఉంటుంది. అయితే ఇది రోగమా కాదా? కాదని ప్రవాళపక్షం. ముమ్మాటికీ రోగమని యజమానిపక్షం. ఏలననగా నీలికొమ్మకు ఇచ్చిన వెల గోధుమ కొమ్మకు ఇచ్చినది కాదు. వ్యాధి రోగిలోనే ఉండాలన్న నియమం ఇతర వైద్యాలకు వర్తించవచ్చుగాక. ఈ తంత్రంలో వ్యాధి రోగిని కొన్నవాడిలో ఉన్నా చికిత్స రోగికే జరుగుతుంది. ఇది సర్వసమ్మతం.

దీపభేదం చేత వర్ణభ్రాంతి కలుగుతుందని కూడా ఎరగాలి. నీలి దీపం కింద ప్రవాళంలోని ప్రతిదీప్తి మాంసకృత్తులు వెలిగిపోవడం చేత మరణాసన్నమైనది కూడా దివ్యసుందరంగా కనిపిస్తుంది. అందుచేత పరీక్షాకాలంలో తెల్లదీపం వేయాలి. అతిథులు వచ్చినప్పుడు నీలి దీపం వేయాలి. ఈ రెండు విధులూ ఒకే సాయంత్రం ప్రాప్తిస్తే రెండోదే బలవత్తరం.

4. ప్రమాణ ప్రకరణం

న్యాయశాస్త్రంలో వలెనే ఇక్కడా ప్రమాణాలు నాలుగు.

ప్రత్యక్షం రెండు విధాలు, కంటితో చూసినది, పరీక్షాపెట్టెతో చూసినది. పెట్టెలో సీసాలు, చుక్కలు, రంగుమార్పు ఉంటాయి. సాగరజలంలో ఆల్కలినిటీ 7 డీకేహెచ్‌కు కొంచెం అటూఇటూ, కాల్షియం సుమారు 420 పీపీఎం, మెగ్నీషియం 1300 పీపీఎంకు దగ్గర. ఇవి సముద్రం పాటించే అంకెలు. తొట్టి యజమానులు సముద్రం కంటే ఉన్నతులు కనుక 8, 9 డీకేహెచ్‌లను ఆశిస్తారు. కాల్షియం పరీక్షలో ద్రవం గులాబీ నుంచి నీలానికి మారినప్పుడు చుక్కలు ఆపాలి. మధ్యలో ఊదా వస్తుంది. ఊదాలోనే ఆపాలని కొందరు, ఊదాలో గులాబీఛాయ పూర్తిగా పోయినప్పుడు ఆపాలని కొందరు, ఇంకొక చుక్క వేసి రంగు మారకపోతే వెనక్కి లెక్కించాలని నవ్యులు. ఈ మూడింటి మధ్య వచ్చే భేదాన్ని తొట్టిలో కాల్షియం తగ్గిందని గాని పెరిగిందని గాని భావించి ఔషధం పోయడం శిష్టాచారం.

అనుమానం: ధూమాన్ని బట్టి వహ్నిని ఊహించినట్లు, ముడుచుకున్న పాలిప్‌ను బట్టి ఫాస్ఫేటును ఊహించడం. ఇక్కడ హేత్వాభాసాలు మెండు. సార్కోఫైటాన్ అనే లెదర్ కోరల్ కొన్నిరోజులు ముడుచుకుని, పైన మైనపుపొర కట్టి, చచ్చినట్లే కనిపించి, ఆ పొరను పాము కుబుసంలా విడిచి మళ్లీ విప్పారుతుంది. అది దాని నిత్యకర్మ. అయితే ఆ కొన్నిరోజుల్లో నీరు మార్చినవాడు నీరే కాపాడిందంటాడు, దీపం తగ్గించినవాడు దీపమంటాడు, బొగ్గు వేసినవాడు బొగ్గంటాడు. కాకతాళీయ న్యాయానికి తాటిచెట్టు అవసరం లేదని ఇందువల్ల రుజువైంది. మరొక ఆభాస: అర్ధరాత్రి ఎర్రదీపంతో చూసినప్పుడు చచ్చిన మాంసం మీద ముళ్లపురుగు కనిపించడం. అది శేషాన్నం తినడానికి వచ్చిన పారిశుద్ధ్య కార్మికురాలు. శవం దగ్గర దొరికినందుకు హంతకురాలిగా శిక్ష అనుభవించిన పురుగులకు లెక్క లేదు.

ఉపమానం: పక్కవాడి తొట్టితో పోల్చడం. ఎప్పుడూ దుఃఖహేతువు, అయినా ప్రమాణమే.

శబ్దం: ఆప్తవాక్యం. ఆప్తుడెవరన్నది వివాదాస్పదం. సందర్శక వీసా మీద వచ్చిన అత్తగారు, తొట్టి ముందు కుర్చీ వేసుకుని, “మొన్నటిదాకా బాగానే ఉన్నాయి కదా బాబూ, మీరు చెయ్యి పెట్టాకే ముడుచుకున్నాయి” అన్నారనుకుందాం. ఈ వాక్యం ప్రమాణమా? ఆమెకు ఫాస్ఫేటు తెలియదు, రెడ్‌ఫీల్డు నిష్పత్తి 106:16:1 తెలియదు, కనుక ఆమె ఆప్తురాలు కాదు. వాక్యం సత్యమైనా ప్రమాణం కానేరదని తార్కికుల నిర్ణయం.

5. హేతు ప్రకరణం

హేతువులు జలదోషం, తేజోదోషం, క్రిమిదోషం, ప్రాతివేశ్య దోషం, హస్తదోషం అని అయిదు.

జలదోషంలో హెచ్చు కన్నా, తగ్గుదల కన్నా చాంచల్యమే ప్రధానం: ఆల్కలినిటీ 7 మీద స్థిరంగా ఉంటే అక్రోపోరా సహిస్తుంది, రోజుకొక అంకె చూపిస్తే కొనలు కాలుతాయి. అతిశుద్ధి కూడా దోషమే. నైట్రేటును, ఫాస్ఫేటును సున్నాకు దించిన తొట్టిలో డైనోఫ్లాజిలేట్లు అనే జిగురుబుడగల మాలిన్యం వ్యాపిస్తుంది. శౌచం వల్ల పుట్టిన అశౌచమని దీనికి పేరు. తేజోదోషం సులభం, పైన చెప్పింది. క్రిమిదోషంలో అక్రోపోరాను తినే చదునుపురుగు, మాంటిపోరాను తినే నత్తజాతి న్యూడిబ్రాంక్ ముఖ్యాలు. ఔషధస్నానం పురుగును చంపుతుంది, గుడ్డును చంపదు, కనుక వారాల వ్యవధిలో స్నానం పునరావృతం కావాలి. టార్చ్ మొదలైన యుఫిలియా జాతికి పట్టే గోధుమజిగురు వ్యాధిలో జాప్యం పనికిరాదు. ఆ కొమ్మను వెంటనే బయటకు తీయాలి. ఇక్కడ సుశ్రుతుడి మార్గం తప్ప వేరు గతి లేదు: కొయ్యాలి, బాగున్న ముక్కను వేరే రాతికి అంటించాలి.

ప్రాతివేశ్య దోషం అంటే ఇరుగుపొరుగు కలహం. గలాక్సియా వంటివి రాత్రివేళ పొడవైన స్పర్శకాలు చాచి పక్కవారిని కుడతాయి. లెదర్ కోరల్ కుట్టదు. నీటిలోకి టెర్పీన్ జాతి రసాయనాలు వదిలి దూరం నుంచే బాధిస్తుంది. అపార్ట్‌మెంటు జీవితంలోనూ ఈ రెండు రకాలు కలవు గాని, అక్కడ రసాయనాలను పీల్చే యాక్టివేటెడ్ కార్బన్ పనిచేయదు.

హస్తదోషం చిట్టచివరిది, విస్తారమైనది. తొట్టిలో చెయ్యి పెట్టడం దీని లక్షణం. మునిగిన మేరను బట్టి నాలుగు తరగతులు: అంగుళి పర్యంతం (వంగిన కొమ్మను సర్దడం), మణిబంధ పర్యంతం (కొమ్మను వేరేచోటికి మార్చడం), కూర్పర పర్యంతం (తిరిగి మొదటిచోటికి మార్చడం), బాహుమూల పర్యంతం (పడిపోయినదాన్ని రాళ్ల వెనక వెతకడం). మొదటిది తప్పక రెండోదానికీ, రెండోది మూడోదానికీ దారితీస్తుందని కార్యకారణవాదులు. నాలుగోది స్వతంత్రమని ఇతరులు. స్థలం మార్చిన ప్రవాళం కొత్త వెలుతురుకు, కొత్త ప్రవాహానికి అలవాటుపడటానికి వారాలు పడుతుంది. యజమాని ఓర్పుకు పట్టే కాలం అంతకన్నా తక్కువ. ఈ రెండు కాలాల అంతరమే హస్తదోషానికి యోని.

6. సంప్రదాయ భేదం

ఆద్యుడు జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్. 1961లో సజీవ శిలలు, గాలిబుడగలు, సూర్యరశ్మి, ఇవి చాలునని ఆయన ప్రకటించాడు. ఈ సంప్రదాయంలో పరికరాలు తక్కువ కనుక అనుచరులూ తక్కువ. బెర్లిన్ సంప్రదాయం నురుగుయంత్రాన్ని, పీటర్ విల్కెన్స్ ప్రచారంలోకి తెచ్చిన సున్నపుతేటను ప్రతిష్ఠించింది. తాంబూలంతో సున్నం ఎరిగిన మనవారికి ఈ మతం వెంటనే రుచిస్తుంది. మొనాకోకు చెందిన జోబేర్ మతం ఇసుక కింద నీటిఖాళీ వదలాలంటుంది. ఆ ఖాళీలో ఏం జరుగుతోందో చూడలేం కనుక దానిమీద వాదం ఎప్పటికీ ఎండదు.

నవ్యులలో అంకవాదులు, దర్శనవాదులు అని రెండు తెగలు. అంకె బాగుంటే ప్రవాళం బాగున్నట్లే అని అంకవాదులు. ప్రవాళం చచ్చినా వారు ఆల్కలినిటీ చూపించి చచ్చే కారణం లేదని నిరూపిస్తారు. ప్రవాళం బాగుంటే అంకెతో పనిలేదని దర్శనవాదులు. వారు కూడా రాత్రిపూట రహస్యంగా పరీక్ష చేసుకుంటారు.

7. ప్రోషితస్వామిక విచారం

అలంకారశాస్త్రంలో ప్రోషితభర్తృక నాథుడు దూరదేశం వెళ్లగా కృశిస్తుంది. ప్రవాళం అలా కాదు. యజమాని ఇండియా వెళ్లి మూడువారాలుండి వస్తే, నీరు నింపే యంత్రమూ మోతాదు పంపూ నడిచిన తొట్టిలో, ముడుచుకున్నవి విప్పారి, కాలిన కొనలు తిరిగి పెరిగి కనిపించడం పలువురి అనుభవం. ఈ విపర్యయాన్ని శాస్త్రం వివరించక తప్పదు.

బయలుదేరే ముందు పోసిన ఔషధం ఆలస్యంగా ఫలించిందని ఒక మతం. చేపలకు మేత వేయడానికి వచ్చిన పొరుగింటివాడి హస్తవాసి అని రెండో మతం. నిజానికి వెళ్లినప్పుడూ ఇలాగే ఉన్నాయని, యజమాని జ్ఞాపకమే మసకబారిందని మూడో మతం. యజమాని లేకపోవడమే హేతువన్న నాలుగో మతం ఒకటి వినిపిస్తుంది గాని, దానిని అంగీకరిస్తే అధికారి అభావం ప్రాప్తించి మొదటి ప్రకరణమే కూలిపోతుంది కనుక పరిహృతం.

అందుచేత ప్రత్యావర్తన విధి ఇలా స్థిరపడింది. విమానాశ్రయం నుంచి వచ్చినవాడు సూట్‌కేసు తెరవక మునుపే, ఊరగాయ సీసాలు పగిలాయో లేదో చూడక మునుపే, ఆల్కలినిటీ పరీక్ష చేయాలి. అంకె సరిగా ఉంటే పెట్టె పాతదై ఉంటుంది కనుక కొత్త పెట్టెతో మళ్లీ చేయాలి. అదీ సరిగానే ఉంటే తెల్లదీపం వేసి, ఇన్నాళ్లలో బాగా విప్పారిన కొమ్మ ఏదో గుర్తించి, అంత బాగా విప్పారినది ఇంకొంచెం పైన ఉంటే మరెంత విప్పారునో అని విచారించి, చొక్కా చెయ్యి మడిచి, కూర్పర పర్యంతం దిగాలి.