ఇమ్యూనిటీ మామ

మార్కాపురం బస్టాండు చుట్టుపక్కల ఏ టీ బంకు దగ్గరైనా పొద్దున్నే ఒక ఇమ్యూనిటీ మామ తగులుతాడు. కంభంలో ఇంకొకడు, గిద్దలూరులో మరొకడు. మనిషి మారినా సరుకు ఒకటే: చేతిసంచిలో తిప్పతీగ ముక్కలు, శొంఠి, మిరియాల పొడి, నోట్లో "ఇమ్యూనిటీ పెంచుకోవాలబ్బయా!" 2020కి ముందు ఈయన షుగరుకు మందు చెప్పేవాడు, అంతకుముందు మోకాళ్ల నొప్పులకు. కరోనాతో శాఖ మారింది. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చే కరోనా మందు కోసం జనం బారులు తీరినప్పుడు తానూ వరసలో నిలబడ్డానంటాడు. మందు దొరికిందా మామా అంటే, "ఎండ మాత్రం దంచింది" అని మాట తప్పిస్తాడు.

ఎవడైనా రక్తపరీక్ష కాగితంతో దొరికాడా, మామకు ఆ రోజు పండగే. కాగితాన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, కనుబొమలు ముడేసి, "తెల్లకణాలు తొమ్మిది వేలేనా? చాలవు. పదిహేను వేలకు ఎక్కిద్దాం" అంటాడు. నాలుగు వేల నుంచి పదకొండు వేల దాకా మామూలేనని ఆ పక్కనే అచ్చేసి ఉంటుంది. పదిహేను వేలుంటే ఒంట్లో ఎక్కడ చీము పట్టిందోనని డాక్టరు వెతుకుతాడు. మామ వేలు ఇంకాస్త కిందికి దిగి ఆగుతుంది. "ఈస్నోఫిల్స్ పెరిగినాయే! శభాష్." ఆ శభాష్ అందుకున్నవాడు తుమ్ములతో, పిల్లికూతలతో వారం నుంచి నిద్రలేనివాడు. కడుపులో పురుగుల మీదికి పోవలసిన కణాలు దుమ్మూ ధూళీ చూసి రెచ్చిపోతే వచ్చే తంటా అది. కీళ్లవాతం అంతకంటే అన్యాయం, సొంత కీళ్లనే పరాయివనుకుని తెల్లకణాలు కొడతాయి. అలాంటివాళ్లకు డాక్టరు రాసే మాత్రల్లో చాలావరకు ఇమ్యూనిటీని అణచడానికే. మామ మాత్రం వాళ్లకూ పెంచే కషాయమే పోస్తాడు, అదీ రెండు పూటలా.

తుమ్మముల్లు దిగితే పసుపు అద్ది, మూడోనాటికి తగ్గితే "చూసినావా పసుపు?" అంటాడు. ముల్లు దిగిన గంటల్లోనే అక్కడికి చేరినవి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు. ఎముక మజ్జ వాటిని రోజుకు దాదాపు పది వేల కోట్లు తయారుచేస్తుంది. ఇది ప్రాజెక్టు అంచనా కాదు, ఒక్క మనిషి ఒంట్లో ఒక్కరోజు లెక్క. దొరికిన ప్రతి క్రిమినీ మింగి చస్తాయి, చీములో ఎక్కువ భాగం వాటి శవాలే. 1882లో మెచ్నికోవ్ అనే రష్యన్ ఇటలీలోని మెస్సీనాలో నక్షత్రచేప పిల్లకు గులాబీ ముల్లు గుచ్చి, దాని చుట్టూ కణాలు మూగడం కళ్లారా చూశాడు. 1908లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. పేరు మాత్రం ఇప్పటికీ పసుపుదే.

న్యూట్రోఫిల్స్ వెనక వచ్చేవి నిదానస్తులు. టీ కణాల్లో కొన్ని వైరస్ సోకిన కణాన్ని పసిగట్టి చంపుతాయి, కొన్ని మిగతావాటికి పని పురమాయిస్తాయి, కొన్ని "ఇక చాలు" అని ఆపుతాయి. ఈ ఆపేవాళ్ల సంగతి మామకు ఎంత చెప్పినా ఎక్కదు. ఆయన దగ్గర ఆపే మందే లేదు మరి. బీ కణాలు యాంటీబాడీలు తయారుచేస్తాయి. శత్రువు కొత్తదైతే వారం పది రోజులు పడుతుంది. పని ముగిశాక కొన్ని జ్ఞాపకకణాలుగా మిగిలిపోతాయి. బంకాయన అట్టపుస్తకంలో మామ టీ బాకీలాగా, ఏళ్లు గడిచినా చెరగవు, మనిషి కనబడగానే లేచి కూర్చుంటాయి.

టీకాలంటే మామకు గిట్టదు. "మా కాలంలో ఇయ్యన్నీ యాడుండాయి?" అని చేతుల్లేని బనీనులో చెయ్యి విసురుతాడు. ఆ విసురుకు భుజం కింద రెండు గుండ్రటి మచ్చలు, పావలా బిళ్లంతేసి, మెరుస్తాయి. చిన్నప్పుడు వేసిన మశూచి టీకా. అలాంటి మచ్చలు ఊరూరా పడబట్టే 1975 మేతో మన దేశంలో మశూచి ఆగింది, 1980లో లోకంలోనే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అడిగితే, "అయ్యా? అమ్మవారు చల్లగా చూసిన గుర్తులు" అంటాడు.

పలకల ఫ్యాక్టరీలో రాయి కోసే కుర్రాడు దగ్గుకుంటూ వచ్చినప్పుడు మాత్రం మామ మీద నాకు నవ్వు రాదు. ఊపిరితిత్తుల్లో మాక్రోఫేజ్ అనే పెద్ద కణం ఉంటుంది, లోపలికొచ్చిన దుమ్మును మింగి శుభ్రం చేయడం దాని పని. రాతిదుమ్ములోని సిలికా రేణువు దానికి అరగదు. మింగిన కణం పగిలి చస్తుంది, రేణువు బయటపడుతుంది, ఇంకొకటొచ్చి మళ్లీ మింగుతుంది. చచ్చినచోటల్లా మచ్చ కట్టి ఊపిరితిత్తి గట్టిపడుతుంది. అక్కడ తినే కణానికి బలం పెంచి లాభం లేదు, దుమ్ము తగ్గాలి: తడిపి కోయాలి, దుమ్ము లాగే యంత్రం పెట్టాలి. కుర్రాడికి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. మామ ఆ కుర్రాడికీ కషాయమే పోశాడు. డబ్బు తీసుకోలేదు, ఆ మాట కూడా చెప్పాలి.

మొన్న కార్తీకంలో ఒక వీధికుక్క మామ పిక్క పట్టింది. సంచి బంకులోనే వదిలేసి, ఆటో ఎక్కి, సర్కారు ఆసుపత్రిలో అందరికంటే ముందు తేలాడు. గాయం సబ్బుతో పావుగంట కడిగించుకుని, చుట్టూ సీరం పొడిపించుకున్నాడు. సీరం అంటే రెడీమేడ్ యాంటీబాడీలు, సొంత బీ కణాలు తయారుచేసుకునేలోపు ఆదుకోవడానికి. టీకా మొదటిరోజు, ఆపైన 3, 7, 28వ రోజున, ఒక్కటీ తప్పలేదు. చివరి సూదికి వరసలో నిలబడి, చంకలో బిడ్డను పెట్టుకున్న ముందావిడతో గొంతు తగ్గించి అంటున్నాడు:

"ఇది ఊరికే తోడుకమ్మా. అసలు పని చేసేది తిప్పతీగే. బిడ్డకు మాత్రం సూది తప్పియ్యబాకు."