డబ్బా టీవీ విజయం

మన ప్రబంధకవులకు వర్ణనలు పద్దెనిమిది. పురం, సముద్రం, ఋతువులు, చంద్రోదయం, యుద్ధం... వాటిలో వివాహమూ ఒకటి. రాయలవారు పెద్దనకు కోకట అగ్రహారం ఇచ్చిన ఈ కడప సీమలో ఆ ఒక్క వర్ణనే నేటికీ కూడు పెడుతోంది. ఘంటం పోయి మౌసు వచ్చింది, పద్యం పోయి పెళ్లి వీడియో మిక్సింగ్ వచ్చింది, అంతే తేడా. కాబట్టి సంప్రదాయం తప్పకుండా ఇష్టదేవతకు మొక్కి మొదలుపెడదాం: కరెంటమ్మా, ఫైలు సేవ్ అయ్యేదాకా పోవద్దు తల్లీ!

సముద్రవర్ణన మనకు లేదు, దాటేద్దాం. ఎండ మాత్రం దండిగా ఉంది. వైశాఖమాసం, ముహూర్తాల కాలం, కర్నూలులో 43 డిగ్రీలు దాటే కాలం. కడప ఏడురోడ్ల కూడలిలో తారు మెత్తబడే వేళ, ఒకానొక మేడ మీద, పరదాలు దించిన చీకటి గదిలో, తన కోసమే పెట్టించిన ఏసీ గాలిలో మానిటర్ మహారాజు కొలువుతీరి ఉన్నాడు. మెడ నిండా టైమ్‌లైన్ హారాలు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎడియస్ కిటికీలన్నీ తెరిచిన సౌధం. ఏం చూపించినా నున్నగా, నిండుగా, నిన్ను మించినవాడు లేడన్నట్టు చూపించే ముఖం.

ఆయనకు కుడిపక్కన, కడప బండ అరమీద, వీపు మూరెడు వెనక్కి పొడుచుకొచ్చిన 21 అంగుళాల డబ్బా టీవీ. రిమోటు పోయి ఏళ్లయింది. శ్రీహరి నాభి నుంచి తామరతూడు వెలసినట్టు దాని వీపు నుంచి పసుపు పిన్ను వైరొకటి వెలసి, మెలికలు తిరిగి, కంప్యూటర్ పాదాల దగ్గర అణిగింది. ఈ ముసలాయనకు ఇంత మర్యాద ఎందుకంటే, అప్పట్లో పెళ్లివాళ్లు డీవీడీ వేసుకున్నది ఇంట్లో ఇట్లాంటి దాని మీదే. మానిటర్ ఆస్థానకవి. టీవీ తీర్పరి.

మొదటి తీర్పు టైటిల్ మీద. మేఘాలు చీల్చుకుని, గులాబీలు రాల్చుకుంటూ బంగారు అక్షరాల్లో "చి.ల.సౌ." తెర ఎడమ అంచున దిగింది. మానిటర్ భళీ అన్నాడు. డబ్బా టీవీకి బొమ్మ అంచులను చట్రం వెనక మింగే జన్మలక్షణం ఉంది, మింగేసింది. వధువు తండ్రి కళ్లు చికిలించాడు. "ఏందప్పా, మా పాప పేరు ముందర 'చి' యాడికి పాయ?" నాటి నుంచి ఏ అక్షరమూ సేఫ్ ఏరియా గీత దాటలేదు. సీతమ్మ దాటిన గీతకైనా ఇంత భయభక్తులు దక్కలేదు.

ధర్మవరం పట్టుచీర ఎరుపు ఆ పసుపు వైరులో పడి హద్దు దాటి, పక్కనున్న పురోహితుడి తెల్లపంచెకు పాకిన ఉదంతం చిన్నది. రంగు కాస్త తగ్గించారు, అయిపోయింది.

అసలు సంగ్రామం మెరవణిలో. పాల్ పద్ధతిలో సెకనుకు 25 చిత్రాలు, కనిపించే గీతలు 576. ఒక్కో చిత్రం రెండు సేనలు, అంటే రెండు ఫీల్డులు: బేసి గీతలు ఒకటి, సరి గీతలు ఒకటి. అంటే సెకనుకు 50 దండయాత్రలు! డీవీ టేపు ధర్మం ప్రకారం కింది ఫీల్డు ముందు నడవాలి. ఏ మెనూలో ఏ క్లిక్కు తప్పిందో, పైది ముందుకొచ్చింది. మానిటర్ మీద అంతా ప్రశాంతం, మహా అయితే అంచుల్లో సన్నటి దువ్వెన పళ్లు. టీవీ మీద మాత్రం ప్రళయం! వరుడెక్కిన గుర్రం రెండడుగులు ముందుకు, ఒకటి వెనక్కి. తప్పెటగాళ్ల చేతులు కార్తవీర్యార్జునుడి చేతులన్నయ్యాయి. నిలబడ్డవాళ్లు బాగానే ఉన్నారు, కదిలినవాళ్లకే జ్వరం. ఆ రెండో తెర లేకుంటే ఆ జ్వరం డీవీడీలకెక్కి బంధువర్గమంతా పాకేది. మూడు గంటల మెరవణి మళ్లీ రెండరింగుకు పోయింది. నా లెక్కలో కురుక్షేత్రం ఇంతకన్నా తొందరగా తెమిలింది.

తర్వాత ఎల్‌ఈడీ యువరాజు వచ్చాడు. సన్నటివాడు, గోడకు వేలాడేవాడు, హెచ్‌డీఎంఐ వైరు తప్ప తాకనివాడు. రంగులు వివిడ్ మోడ్‌లో పెడితే పసుపు నీళ్లకే మంటలు పుట్టిస్తాడు. బొమ్మను సింగారించుకుని గానీ బయటికి పంపడు. ధ్వని మాత్రం కంప్యూటర్ స్పీకర్ల నుంచి ఆగకుండా వచ్చేస్తుంది. అందుకే వాడి ఏలుబడిలో గట్టిమేళం ముందు, మూడుముళ్లు రెప్పపాటు వెనక. గేమ్ మోడ్‌లో పెట్టాకే శాస్త్రం దారికొచ్చింది. పెళ్లికి గేమ్ మోడేమిటని పురోహితుడు అడగలేదు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు ఆ డబ్బా టీవీకే చేరగిలబడి మూడో రాజు నిలబడ్డాడు: సెల్‌ఫోను, నిలువు సింహాసనం. రీలు కావాలట. నిలువు చట్రంలో వధువు పడితే వరుడు పడడు, వరుడు పడితే తాళి పడదు. ఎడిటర్ ఫ్రేమును ఇటు జరిపి అటు జరిపి ఎట్లాగో ఇద్దరినీ ఇరికించాడు. వెనకనుంచి మేనమామ ఒంగి చూశాడు.

"అంతా బాగుండాది గానీ అబ్బోడా, నేనేడ?"