రేంజిలో ధన్వంతరి

టెక్సస్‌లో ఏ షూటింగ్ రేంజికి వెళ్లినా ఆయన తగులుతాడు. ఒళ్లంతా జేబులున్న చొక్కా, నెత్తిన టోపీ, ఒక్క చెవికే ఇయర్‌మఫ్. ఎవరి పిస్టల్ మొరాయించినా ముందు తనకే తెలియాలని రెండో చెవి తెరిచి ఉంచుతాడు. ఆ మోతకి ఆ చెవి కాస్తా ఏనాడో పోయింది. కాబట్టి రోగి చెప్పేది ఆయనకి వినపడదు. వినాల్సిన అవసరమూ ఎన్నడూ పడలేదు.

ఆయన వైద్యంలో పిస్టల్‌కి జబ్బు చేయదు. చేస్తే గీస్తే పట్టుకున్నవాడికే చేస్తుంది. "మణికట్టు వదిలేస్తున్నావ్" అన్నది మొదటి మందు. దానికి లొంగకపోతే తూటాలు నాసిరకం. అదీ కాకపోతే నూనె తక్కువైంది. నూనె వేశాక చూస్తే ఎక్కువైంది. నాలుగోది బ్రహ్మాస్త్రం: "ఇంకో ఐదొందలు కాల్చు, అదే దారికొస్తుంది." తూటాలు డబ్బాకి యాభై. పది డబ్బాల ఖర్చు రోగిది, హస్తవాసి మాత్రం ఈయనది.

పచ్చి అబద్ధాలైతే ఎవరో ఒకరు ఎదురు తిరిగేవారే. చిక్కేమిటంటే ప్రతిదాంట్లోనూ పావలా వంతు నిజం ఉంది. చిన్న పిస్టల్ తేలిగ్గా ఉంటుంది. పేలినప్పుడు మణికట్టు వెనక్కి ఒరిగితే స్లయిడ్ పూర్తి దూరం వెళ్లకుండానే తిరిగొచ్చేస్తుంది, తూటా ఇరుక్కుంటుంది. ఆ పావలాని ఆయన ఏళ్ల తరబడి రూపాయిగా చలామణీ చేస్తున్నాడు.

మొన్న ఆయనకి ఒక నర్సు దొరికింది. ఆమె చేతిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కాంపాక్ట్ 9 ఎంఎం పిస్టల్. కాల్చాక స్లయిడ్ ముందుకొస్తూ వస్తూ గోరంత దూరంలో ఆగిపోతోంది. బొటనవేలితో తోస్తే టిక్కున మూసుకుంటోంది. పూర్తిగా మూసుకోకపోతే పేలకుండా లోపల ఒక ఏర్పాటు ఉంటుంది కాబట్టి, ట్రిగ్గర్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఖాళీ తొడుగులేమో ఇదివరకటికంటే దూరం ఎగిరి పక్క లేన్‌లో పడుతున్నాయి.

"మణికట్టు, అమ్మాయ్! ఆడవాళ్ల చేతులకి పట్టు చాలదు" అన్నాడు ధన్వంతరి.

"రాత్రంతా పేషెంట్లని ఎత్తి ఒత్తిగిల్లబెట్టే చేతులండీ ఇవి" అంది నర్సు.

"అయితే మరీ గట్టిగా పట్టుకుంటున్నావు."

అక్కణ్ణుంచి ఉపన్యాసం తన 1911 మీదికి మళ్లింది. జాన్ బ్రౌనింగ్ చేసిన ఆ పిస్టల్ ముందు ఈ బుల్లి బొమ్మలెంత! అమెరికా సైన్యం 1911లో పుచ్చుకుని 1985 దాకా దాన్ని వదల్లేదు. అంతా నిజమే. కానీ దాని ఐదంగుళాల బారెల్ కింద స్ప్రింగ్ కాళ్లు చాపుకుని ఉంటుంది. కాంపాక్ట్‌లో అంత చోటు లేదు. ఉన్న కాస్త జాగాలోనే స్లయిడ్ విసురుని ఆపాలి, మళ్లీ ముందుకు నెట్టాలి. అందుకే చాలావాటిలో ఒక కడ్డీ చుట్టూ రెండు స్ప్రింగులు, ఒకదానిలో ఒకటి దూర్చి పెడతారు. ఇరుకు సంసారం కదా, పెద్ద పిస్టళ్లలో వాటికంటే తొందరగా అలిసిపోతాయి. ఒకటి విరిగినా రెండోది బండి ఈడుస్తూనే ఉంటుంది. దాని మంచితనం వల్లే జబ్బు ఓ పట్టాన బయటపడదు.

ఉపన్యాసం కొరియా యుద్ధం దాకా వచ్చేసరికి నర్సు మ్యాగజైన్ తీసేసింది. చాంబర్లో తూటా లేదని కంటితో ఒకసారి, చిటికెనవేలితో ఒకసారి చూసుకుంది. మూతిని టార్గెట్ వైపే ఉంచి కాస్త పైకెత్తింది. ట్రిగ్గర్ నొక్కిపట్టి, స్లయిడ్‌ని వెనక్కి లాగి మెల్లగా వదిలింది. స్ప్రింగ్‌లో సత్తా ఉంటే ఆ ఏటవాలులోనూ స్లయిడ్ దానంతటదే మూసుకోవాలి. మూసుకోలేదు. విప్పి చూస్తే, బయటి స్ప్రింగ్‌లో చివరి చుట్టు తెగి, ఆ కొస పక్క చుట్టులో ఇరుక్కుని ఉంది. కడ్డీతో సహా కొత్త సెట్టు ఖరీదు రెండు మూడు డబ్బాల తూటాలంత.

"నేనూ అదే అనబోతున్నాను" అన్నాడాయన. తెగిన స్ప్రింగ్‌ని అడిగి మరీ పుచ్చుకుని ఒక జేబులో వేసుకున్నాడు.

ఆ రోజుతో వైద్యం మారిపోయింది. మ్యాగజైన్ సరిగ్గా ఎక్కించనివాడికీ స్ప్రింగే, నాసిరకం తూటాలు తెచ్చుకున్నవాడికీ స్ప్రింగే. ఎవరైనా సందేహిస్తే జేబులోంచి సాక్ష్యం బయటికొస్తుంది. చివరికి నర్సే ఉండబట్టలేక అడిగింది: "మీ 1911కి స్ప్రింగ్ ఎప్పుడు మార్చారండీ?"

"దానికెందుకు? కొన్నప్పట్నుంచి ఒక్కసారి కూడా జామ్ కాలేదు."

కౌంటర్‌లో కుర్రాడు రసీదు పుస్తకంలోంచి తల ఎత్తకుండానే అన్నాడు: "పెట్టెలోంచి తీస్తే కదండీ!"